జనవరి 23 ప్రదర్శన: హాలు కుదరదంటున్నారు, రేపటిలోగా తేల్చాలి

(మాట్లాడేవాళ్ళను సియాటిల్ చుట్టుపక్కల వాళ్ళుండే ఊళ్ళ పేర్లతోనే పిలుస్తున్నాం.)

బాథెల్ (సోమవారం రాత్రి)
అందరికీ నమస్కారం. కుర్చీలు, పులిహోర, బ్యానరు, పార్కింగు దగ్గర నిలబడే మనుషులు అంటూ శనివారం పెట్టిన జాబితాలో ఎవరూ ఇంకా పేర్లు రాయలేదు గానీ, దానికంటే ముందు, జాహ్నవి కందుల స్మృతిలో సియాటిల్‌లో మనం చేయబోయే ప్రదర్శనకు ఒక చిక్కు వచ్చిపడింది. మనం పంపిన కార్యక్రమ వివరాలు చదివిన హాలు నిర్వాహకులు ఈ సాయంత్రం ఫోన్ చేసి, బుర్రకథలో పోలీసు అధికారి మాటలున్న భాగం తీసేస్తేనే హాలు ఇస్తామనీ, లేదంటే అడ్వాన్సు వాపసు చేస్తామనీ చెప్పారు. రేపు మధ్యాహ్నంలోగా జవాబు చెప్పాలి.

సమామిష్
అక్కా, ఆ ఒక్క భాగం తీసేద్దాం. కోలాటం ఉంది, డప్పు ఉంది, దీపం వెలిగిస్తాం, వచ్చినవాళ్ళకు విషయం అర్థమవుతుంది. వేదిక మీదికి వచ్చే వాళ్ళలో సగంమంది ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న పిల్లలే. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల పేర్లను సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ జాబితా) నుంచి రద్దు చేసి, దావాలు పడ్డాకే మళ్ళీ పునరుద్ధరించారు. అలాంటి రోజుల్లో పోలీసుల మీద ప్రదర్శన అని పేరు పడితే, ఆ పిల్లల బాధ్యత ఎవరు తీసుకుంటారు?

కెంట్
అన్నా, ఆ భాగం తీసేశాక మిగిలేది సంక్రాంతి సంబరాల కార్యక్రమమే. ఆదోని నుంచి చదువుకోవడానికి వచ్చిన 23 ఏళ్ళ జాహ్నవి కందుల, డెక్స్‌టర్ అవెన్యూ, థామస్ వీధి కలిసేచోట జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతుండగా, గంటకు 25 మైళ్ళు దాటకూడని రోడ్డు మీద 74 మైళ్ళ వేగంతో వచ్చిన పోలీసు కారు ఆమెను గుద్ది చంపింది. అది 2023 జనవరి 23. ఆ రాత్రి విధుల్లో ఉన్న మరో అధికారి, పోలీసు సంఘానికి ఉపాధ్యక్షుడు, ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందనీ, ఆమె విలువ అంతంతమాత్రమేననీ అన్న మాటలు అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయ్యాయి. ఆ ఏడాది సెప్టెంబరులో ఆ వీడియో బయటికి రాబట్టే లోకానికి తెలిసింది. ఊరంతా విన్న మాటలను మన నోటితో చెప్పకూడదని మనకు హాలు వాళ్ళు చెబుతుంటే తల ఊపమంటారా?

సమామిష్
ధైర్యం గురించి గ్రీన్ కార్డు చేతికొచ్చిన వాళ్ళు మాట్లాడడం సులువు, తమ్ముడూ.

కెంట్
ఆ మాట మీరు నాతో అనవలసింది కాదు. కర్నూలు జిల్లాలో మా ఇంటి పక్కవాళ్ళ పిల్ల ఈ సెప్టెంబరులో ఇక్కడ దిగింది. మా వాళ్ళకు నేను ఫోన్లో ఏం చెబుతున్నానో మీకు తెలియదు.

రెంటన్ (మంగళవారం ఉదయం)
ఇద్దరూ కొంచెం ఆగండి. బుర్రకథ సంగతి కాబట్టి చెబుతున్నాను. తంబుర పట్టుకున్న కథకుడికి ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంతలుంటారు. ఆ రాజకీయం ఊరికే చేరింది కాదు: మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వమూ, హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. బుర్రకథకు పేరు తెచ్చిన నాజర్ గారి దళాలు మైకులున్నా లేకపోయినా ఊళ్ళ కూడళ్ళలో చెప్పాయి. ఆ పద్ధతిలో కథ చెబుతామని ఒప్పుకుని వంతల్లో ఒకరి నోరు మూయించి వేదిక ఎక్కడం నాకు చేతకాదు.

అయితే ఒక మార్పు నేనే అడుగుతున్నాను. హాస్యం వంత ఆ నవ్వు నవ్వకూడదు. మాటలు మాత్రం, ఏ రాగమూ లేకుండా, చదివినట్టు చెప్పాలి. నవ్వి చూపించామంటే జనం మన నటుణ్ణి చూస్తారు, ఆ మాటలను వినరు. ఆ తర్వాత జరిగింది రాజకీయం వంత చెబుతాడు: 2024 ఫిబ్రవరిలో కారు నడిపిన అధికారి మీద తీవ్రమైన నేరాభియోగం మోపలేమని కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ ప్రకటించారు, ఆ జులైలో నవ్విన అధికారినీ, 2025 జనవరిలో కారు నడిపిన అధికారినీ ఉద్యోగాల్లోంచి తొలగించారు.

రెడ్‌మండ్
అన్నయ్యా, అక్కా, మీరు మా గురించే వాదించుకుంటున్నారు కాబట్టి మా మాట కూడా వినండి. మేము ఐదుగురం రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం. మిషిగన్‌లో అధికారులే ఫార్మింగ్‌టన్ అనే దొంగ విశ్వవిద్యాలయం పెట్టి, చేరిన పిల్లలను 2019లో పట్టుకున్నప్పుడు అందులో ఎక్కువమంది తెలుగువాళ్ళే. అందుకని మా ఇళ్ళల్లో భయం ఉంది, మాకూ ఉంది. కానీ ఆ మాటలు తీసేస్తే మేమెవరం ఆడం. మా పేర్లు ప్రకటించవద్దు, మా ముఖాలు ఫొటోల్లో పడకుండా చూడండి, మాకు అది చాలు.

సమామిష్
పిల్లలే అలా అన్నాక నేను అడ్డు పడను. ఫొటోలు తీసేవాళ్ళను ఆపే పని నాకు వదిలేయండి. ఎవరైనా ఫోన్ ఎత్తితే నేను వెళ్ళి ముందు నిలబడతాను.

బాథెల్
హాలు వద్దని చెప్పేశాను, అడ్వాన్సు తిరిగి వస్తుంది. మిగతా హాళ్ళు ఆ శుక్రవారానికి ఖాళీ లేవు. కాబట్టి ఎవరైనా ఇంకో దారి చెప్పండి.

కెంట్
డెన్నీ పార్కు. అక్కడి నుంచి ఆ క్రాసింగ్ రెండు వీధుల దూరం కూడా లేదు. మైకులు పెడితే విడిగా అనుమతి కావాలి, కాబట్టి మైకులు వద్దు. జనం పట్టే సంఖ్య గురించి పార్కుల శాఖకు నేను ఇవాళే రాస్తాను.

ఇంకొకటి. పార్కులో కథ అయ్యాక, కోలాటం బృందం ఆ క్రాసింగ్ దగ్గరికి వెళ్ళి, నడిచేవాళ్ళ దీపం వెలిగినప్పుడల్లా ఐదుగురు చొప్పున కోలాటం అడుగుతోనే రోడ్డు దాటితే ఎలా ఉంటుంది? దీపం ఎర్రబడితే కోలలు దించి ఆగాలి, మళ్ళీ వెలిగితే కదలాలి. ట్రాఫిక్ ఆపం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోడ్డు దాటడమే కదా మనం అడుగుతున్నది.

బాథెల్
బాగుంది. అడుగు తేలిక చేస్తాను, తడి రోడ్డు మీద గెంతే అడుగులు వద్దు.

చీరల సంగతి కూడా ఇప్పుడు కుదిరింది. జాహ్నవి 138 అడుగుల దూరం ఎగిరిపడిందని పోలీసుల దర్యాప్తులోనే ఉంది. ఒక్కో చీర 18 అడుగులు, ఎనిమిది చీరలు కొంగుకు కొంగు ముడి వేస్తే ముడులకు పోగా సరిగ్గా అంతే వస్తుంది. హాల్లో దాన్ని నాలుగు మడతలు వేసి పరవాలనుకున్నాం, అప్పుడు ఆ దూరం ఎవరికీ తెలిసేది కాదు. పార్కు దారిలో మడత లేకుండా పరుస్తాం. ఈ చివర నిలబడి ఆ చివరకు చూడనివ్వండి. పాత నేత చీరలే తెండి, పట్టు జారి ముడి నిలవదు.

రెంటన్
డప్పు గురించి ఒక మాట. జనవరి తేమకు తోలు వదులై, శబ్దం చప్పబడిపోతుంది. ఊళ్ళో అయితే గడ్డి మంట వేసి కాస్తాం, పార్కులో మంట వేయనివ్వరు. తోలు డప్పులు రెండు నా కారులో హీటరు ముందు పెట్టి తెస్తాను, తక్కినవి ఫైబరువి వాడండి. తోలు డప్పుతో కథ మొదలుపెడదాం, అది చల్లబడేసరికి ఫైబరు అందుకుంటుంది.

సమామిష్
ఐదింటికే చీకటి పడుతుంది కాబట్టి పార్కులో కథ ఏడింటికి మొదలుపెట్టి, ఎనిమిదింటికి క్రాసింగ్ దగ్గరుండేలా చూసుకోండి, ఆ రాత్రి అది జరిగిన సమయం దాదాపు అదే. వాన పడితే తంబుర మీద కప్పడానికి నా దగ్గర పెద్ద గొడుగుంది, రెంటన్ అన్న పక్కన నేనే పట్టుకుంటాను. ఎవరి దగ్గరైనా ముదురు రంగు శాలువాలుంటే రెడ్‌మండ్ పిల్లలకు తలచుట్టూ కప్పుకోవడానికి తెండి, గురువారం లోపల నాకు చేర్చండి.

రెడ్‌మండ్
శాలువాలు మా దగ్గర మూడున్నాయి, ఇంకా రెండు కావాలి. కోలలు అక్క దగ్గరే ఉన్నాయి కదా?

బాథెల్
ఉన్నాయమ్మా. బుధవారం మా గ్యారేజీలో సాధన, గీతలు సుద్దతో గీసి పెడతాను.