చిన్న గదిలో కంప్యూటర్ టేబుల్‌కి ఏ స్పీకర్లు మంచివి? సబ్‌వూఫర్ కావాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. నాది ఇంట్లోంచే ఉద్యోగం. పగలంతా మీటింగులు, సాయంత్రమైతే అదే టేబుల్ దగ్గర పాటలు. ఇన్నాళ్లూ మానిటర్‌లో ఉన్న స్పీకర్లతోనే నెట్టుకొచ్చాను. ఈమధ్య నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఉంటున్నారు. ఆయనకు మృదంగమంటే ప్రాణం, చిన్నప్పుడు కొన్నేళ్లు నేర్చుకున్నారు కూడా. రాత్రి భోజనాలయ్యాక నా పక్కన కుర్చీ వేసుకుని కచేరీలు పెట్టమంటారు. మొన్న తని ఆవర్తనం (కచేరీలో మృదంగానికే వదిలేసే భాగం) వింటూ "తొప్పి ఏదిరా? కుడిచెయ్యి ఒక్కటే వినపడుతోంది" అన్నారు. శ్రద్ధగా వింటే నిజమే. ఎడమవైపు, అంటే తొప్పి వైపు, మోగాల్సిన ఆ లోతైన గుమకం మచ్చుకైనా లేదు.

గది 10 అడుగులకు 11 అడుగులు. టేబుల్ 4 అడుగుల వెడల్పు, గోడకు ఆనించి ఉంది. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. పక్క గదిలో ఏడాదిన్నర పాప పడుకుంటుంది. బడ్జెట్ 10,000 రూపాయలు, బాగుంటే ఇంకొంచెం పెట్టగలను. షాపులో 2.1 సెట్టు (రెండు చిన్న పెట్టెలు, బేస్ కోసం వేరే సబ్‌వూఫర్ పెట్టె) చూపించి "బేస్ అదిరిపోద్ది సార్" అన్నారు. డబ్బా మీద వేల వాట్లు రాసి ఉంది. మా బావేమో డిసెంబరులో డాలస్ నుంచి వస్తూ అక్కడి సెట్టు తెస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు (విశాఖపట్నం నుంచి)

ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేయడమే నా పని. మీ నాన్నగారు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. షాపుకి ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఏ సెట్టు విన్నా ముందు ఆ తొప్పి కోసమే వినండి. డబ్బా మీద రాసినదంతా చదవడం కన్నా అదే నయం.

మానిటర్‌లో ఉండే వేలెడు స్పీకరు 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు (హెర్ట్జ్ అంకె తగ్గిన కొద్దీ శబ్దం లోతు). తొప్పి గుమకం ఉండేదే ఆ కింద. అందుకే మీకు కుడిచేతి టకటకలు వినపడుతున్నాయి, గుమకం మాయమైంది. దీనికి సబ్‌వూఫరే కావాలని లేదు. సరైన చెక్కపెట్టెలో 4 అంగుళాల వూఫర్ (లోతైన శబ్దాలు పలికే పెద్ద స్పీకరు) ఉంటే 70 హెర్ట్జ్ చుట్టుపక్కలదాకా దిగుతుంది. మృదంగానికి అది సరిపోతుంది.

షాపులో చూపించిన 2.1 సెట్టు గురించి ఒక్క మాట. బాగా లోతైన శబ్దం, సుమారు 80 హెర్ట్జ్ కిందిది, ఎటునుంచి వస్తోందో మన చెవి పట్టలేదు. ఆ ధైర్యంతోనే సబ్‌వూఫర్‌ను మూలన పెడతారు. కానీ చవక సెట్లలో టేబుల్ మీద పెట్టే రెండు పెట్టెలు మరీ చిన్నవి. అవి మోయలేని శబ్దమంతా, 150, 200 హెర్ట్జ్ దాకా, కింద ఉన్న వూఫర్ నెత్తిన పడుతుంది. అంత పైకి వచ్చేసరికి చెవి ఇట్టే కనిపెట్టేస్తుంది. అప్పుడు మృదంగం రెండు ముక్కలవుతుంది. కుడిచెయ్యి టేబుల్ మీద, తొప్పి మీ కాళ్ల దగ్గర. మృదంగం నేర్చుకున్న మనిషి ఇది ఐదు నిమిషాలు కూడా భరించలేడు. మంచి 2.1 సెట్లు లేవని కాదు, మీ బడ్జెట్‌లో ఈ గదికి మాత్రం రెండు పెట్టెల 2.0 సెట్టే నా సలహా.

డబ్బా మీది వేల వాట్లు పీఎంపీఓ లెక్క. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకోవచ్చు. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల పవర్) అంకె ఒక్కటే చూడండి. మీరు కూర్చునేది రెండడుగుల దూరంలో. ఒక్క వాటుకే మామూలు స్పీకరు మీటరు దూరంలో 85 డెసిబెల్స్ దరిదాపుల్లో పలుకుతుంది. అంటే మీ రాత్రి కచేరీకి ఖర్చయ్యేది ఒక వాటు కూడా కాదు.

పేరు చెప్పమంటే ఎడిఫైయర్ ఆర్1280టి చూడండి. 42 వాట్ల ఆర్‌ఎంఎస్, 4 అంగుళాల వూఫర్, పక్కనే బేస్‌కి, ట్రెబుల్‌కి వేరువేరు నాబులు. వెనక రెండు ఇన్‌పుట్లు ఉంటాయి కాబట్టి కంప్యూటర్ ఒకదానికి, ఇంకోటి దేనికైనా పెట్టుకోవచ్చు. బ్లూటూత్, ఆప్టికల్ కావాలంటే అందులోనే డీబీ అనే రకం ఉంది. టేబుల్ మీద అంత చోటు లేకపోతే ప్రీసోనస్ ఎరిస్ 3.5 కూడా మంచిదే. దాని ముందు వైపే హెడ్‌ఫోన్ జాక్ ఉండటం మీటింగులకు సుఖం. ధరలు వారానికోలా ఉంటున్నాయి, కొనేరోజు చూసుకోండి.

ఇక అసలు విషయం, ఎక్కడ పెడతారన్నది. ఈ భాగం నిదానంగా చదవండి, పైసా ఖర్చు లేకుండా ఎక్కువ లాభం వచ్చేది ఇక్కడే. మీ టేబుల్ గోడకు ఆనుకుని ఉందన్నారు. గోడకు, అందులోనూ మూలకు, దగ్గరైన కొద్దీ బేస్ ఊరికే ఉబ్బిపోతుంది. వీలైతే టేబుల్‌ను జానెడు ముందుకు జరపండి, లేదంటే బేస్ నాబు కొంచెం తగ్గించండి. రెండు పెట్టెల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీ తలకూ అంతే దూరం ఉండాలి. పైన ఉన్న చిన్న ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికేది) మీ చెవి ఎత్తుకు రావాలి. రాకపోతే ముందు అంచు కింద గట్టి ఫోమ్ ముక్క పెట్టి పెట్టెను పైకి వంచండి. క్రియేటివ్ పెబుల్ లాంటి బుల్లి స్పీకర్లను కంపెనీయే 45 డిగ్రీలు పైకి చూసేలా చేసింది ఇందుకే. ఫోమ్‌తో ఇంకో లాభం ఏమిటంటే టేబుల్ చెక్క వణకదు.

సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి 1950ల నాటి సినిమా పాట ఏదైనా పెట్టండి. అప్పటి పాటలు మోనో, రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. కళ్లు మూసుకుంటే గొంతు సరిగ్గా మానిటర్ నడిమధ్య నుంచి రావాలి. పక్కకు జరిగినట్టుంటే ఒక పెట్టె మీకు దగ్గరగా ఉందన్నమాట. కాస్త జరపండి, గొంతు మధ్యకు వచ్చి నిలబడుతుంది. ఆ క్షణం వినితీరాలి. ఒక్క మనవి. ఈ కొలతలన్నీ ఒక్క కుర్చీకే. రాత్రిపూట మధ్య కుర్చీ నాన్నగారికి ఇచ్చి మీరు పక్కన కూర్చోండి.

పాప సంగతి. గోడ దాటి వెళ్లేది బేసే, సన్నటి శబ్దాలు గోడ దగ్గరే ఆగిపోతాయి. నేల మీద పెట్టిన సబ్‌వూఫర్ అయితే పాపతోపాటు కింద వాటా వాళ్లనూ లేపుతుంది. దీనికి ఇంకో చిక్కు ఉంది. శబ్దం తగ్గించిన కొద్దీ మన చెవికి ముందు పోయేది బేసే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి పెట్టారు. కాబట్టి రాత్రి వాల్యూమ్ తగ్గించినప్పుడు కుర్చీ ఇంకాస్త ముందుకు లాగండి, బేస్ నాబు ఒక్క గీత పెంచండి. తలుపు మూసి, పక్క గదిలో నిలబడి ఒకసారి వినండి. అక్కడ గుంగుం అనిపిస్తే ఆ గీత వెనక్కి తిప్పేయండి.

కొనేటప్పుడు వూఫర్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదా, స్పాంజిదా అడగండి. మా ఊళ్లో ఉప్పుగాలికి, తేమకు స్పాంజి అంచులు కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతాయి. మీ దగ్గర ఇంకొన్నాళ్లు ఎక్కువ ఆగొచ్చు కానీ రబ్బరే మేలు.

జవాబు (ఇర్వింగ్, టెక్సస్ నుంచి)

పైన అన్నగారు అంత వివరంగా చెప్పాక నాకు మిగిలింది మీ బావగారి విషయమే. తొందరపడి ఆర్డర్ పెట్టనివ్వకండి. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ల్యాప్‌టాప్ చార్జర్లు రెండిటికీ పనిచేస్తాయి కాబట్టి అన్నీ అంతేననుకుంటారు. స్పీకర్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంటుంది, అది ఒక్క 120 వోల్టులకే చేసి ఉంటుంది. అలాంటిదాన్ని మన ప్లగ్గులో పెడితే ఫ్యూజ్ పోయినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా ఆ పూటతో సరి. పవర్ తీగ దిగే చోట 100-240 వోల్టులు అని రాసి ఉంటే భయం లేదు. కొన్నింటి వెనక 115, 230 అని మార్చుకునే స్విచ్ ఉంటుంది. యూఎస్‌బీ కరెంటుతో నడిచేవాటికి ఈ గొడవే లేదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు గానీ టేబుల్ కింద ఇంకో బరువు, ఇంకో గుయ్యిమనే శబ్దం. పాడైతే వారంటీ కోసం మళ్లీ ఇక్కడికే పంపాలి. బావగారి పెట్టెలో ఆ చోటు పాప బట్టలకు వదిలేయండి.

జవాబు (హైదరాబాద్, నాగోల్ నుంచి)

అన్నా, రెండే విషయాలు. బ్లూటూత్ ఉన్నది కొన్నా కంప్యూటర్‌కి మాత్రం వైరే వాడు. బ్లూటూత్‌లో శబ్దం వెనకబడుతుంది. పాటకు తెలియదు, వీడియోలో పెదాలకూ మాటకూ పొంతన కుదరదు. మీటింగుల్లో కూడా స్పీకర్ల శబ్దం మైకులోకి వెళ్లి అవతలివాళ్లకు వాళ్ల గొంతే వినపడుతుంది. మీటింగుకు హెడ్‌సెట్, పాటకు స్పీకర్లు అని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. రెండోది ఇన్వర్టర్. మీది స్క్వేర్‌వేవ్ అయితే కరెంటు పోయినప్పుడు స్పీకర్లు గుర్రుమంటాయి. సైన్‌వేవ్ అయితే ఏమీ కాదు. స్పీకర్లు చెడిపోయాయని షాపుకి మోసుకెళ్లే ముందు అది చూసుకో.

ప్రశ్న అడిగినవారు (హనుమకొండ)

అందరికీ చాలా థాంక్స్. నాన్నగారితో కలిసి వెళ్లి ఆర్1280టి తీసుకున్నాను. షాపులో ఆయన రెండే నిమిషాలు విని "ఇదిగో, ఎడంచెయ్యి వచ్చింది" అన్నారు, అంతే. టేబుల్ ముందుకు జరిపాను, ఫోమ్ పెట్టాను. మోనో పాట పరీక్ష కూడా చేశాం, గొంతు మధ్యకు వచ్చింది.

ఒక్కటే ఇబ్బంది. పాట ఆగినప్పుడు సన్నగా గుయ్యిమంటోంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే పోతోంది, పెడితే మళ్లీ వస్తోంది. చార్జింగులో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద చెయ్యి పెడితే చిమచిమలాడుతోంది కూడా. స్పీకర్ల తప్పా?

జవాబు (విశాఖపట్నం నుంచి)

స్పీకర్ల తప్పు కాదండీ. ఆ చిమచిమే అసలు సంగతి చెబుతోంది. బహుశా మీ గదిలో ప్లగ్గుకు ఎర్త్ సరిగా అందడం లేదు. చార్జర్ నుంచి కొద్దిగా లీకయ్యే కరెంటు భూమిలోకి పోయే దారి లేక ల్యాప్‌టాప్ మీద నిలిచి, ఆడియో వైరు గుండా స్పీకర్లలోకి వస్తోంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ బోర్డుకు ఎర్త్ వస్తోందో లేదో టెస్ట్ చేయించండి. పాప తిరిగే ఇల్లు, శబ్దం కోసం కాకపోయినా ఇది చేయించాల్సిందే. మీ చార్జర్‌కి మూడు పిన్నులు ఉంటే రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి వాడకండి, పెద్ద పిన్ను అసలు తీసెయ్యకండి.

ఎర్త్ బాగుచేశాక ల్యాప్‌టాప్, స్పీకర్లు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. అప్పటికీ ఉంటే 3.5 ఎంఎం వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఆ గుయ్యి శబ్దాన్ని దారిలోనే ఆపే చిన్న డబ్బీ) కొనండి, కొన్ని వందల్లోనే వస్తుంది. కాకపోతే చవకరకం వాటిలో ఉండే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు బేస్‌ను కోసేస్తాయి. పెట్టాక అదే తని ఆవర్తనం మళ్లీ వేసి, తొప్పి తగ్గిందేమో నాన్నగారినే అడగండి. తగ్గిందంటే దాన్ని వాపసు ఇచ్చి ఇంకో రకం చూద్దాం.