బూస్టర్ తిరిగొస్తుంది సరే, దానికి చాలినంత పని మన దగ్గర ఉందా?

ఫిజిక్స్ మాస్టారు, హనుమకొండ

ఇస్రో కొత్త తరం ప్రయోగ వాహనం ఎన్‌జీఎల్‌వీకి కేంద్రం 2024 సెప్టెంబరులో రూ.8,240 కోట్లు మంజూరు చేసింది. మొదటి దశను, అంటే బూస్టర్‌ను, దించి మళ్లీ వాడుకోవాలన్నది అందులో ముఖ్యాంశం. మనవాళ్లకు చేతకాదని నేను అనను. నాకు కుదరనిది లెక్క. అమెరికా ప్రైవేటు సంస్థ స్పేస్‌ఎక్స్ 2024లో తన ఫాల్కన్ రాకెట్లను 130 సార్లకు పైగా ఎగరేసింది. వాటిలో ఎక్కువ భాగం ఇంటర్నెట్ అందించే సొంత స్టార్‌లింక్ ఉపగ్రహాల కోసమే. మనం ఏడాదికి పట్టుమని పది ప్రయోగాలు చేయడం లేదు. ఒకే బూస్టర్ పదిసార్లు ఎగిరితే, ఇంజిన్లు తయారుచేసే కర్మాగారం ఏడాదంతా ఏం చేయాలి? అక్కడి నిపుణుల జీతాలు ఆగవు కదా.

బరువు సంగతీ ఉంది. బూస్టర్‌ను వదిలేసుకుంటే ఫాల్కన్-9 దిగువ భూకక్ష్యకు 22.8 టన్నులు మోయగలదు. సముద్రంలో ఓడ మీద దించుకుంటే అది సుమారు 17 టన్నులకు తగ్గుతుంది. దిగడానికి దాచుకున్న ఇంధనం, కాళ్లు, రెక్కలు అన్నీ ఉపగ్రహం వాటాలోంచి పోయేవే.

మెకానికల్ విద్యార్థి, కాజీపేట

మాస్టారూ, ప్రయోగాల సంఖ్య గురించి మీరన్నది నేను ఒప్పుకోలేను. 2015 డిసెంబరులో తొలిసారి బూస్టర్‌ను నేలకు దించిన స్పేస్‌ఎక్స్ ఆ ఏడాది మొత్తం చేసినవి ఏడు ప్రయోగాలే. అందులో ఒకటి విఫలమైంది. స్టార్‌లింక్ ఆ తర్వాత వచ్చింది. ప్రయోగం చవకైంది కాబట్టే వేల ఉపగ్రహాల ఆలోచన నిలబడింది. గిరాకీ వచ్చాక చూద్దామని కూర్చుంటే ఆ గిరాకీ చవకగా ఎగరేసేవాడి దగ్గరికే వెళ్తుంది.

ఫిజిక్స్ మాస్టారు, హనుమకొండ

ఆ ఏడు ప్రయోగాల వెనుక అంతరిక్ష కేంద్రానికి సరకు చేరవేసే నాసా ఒప్పందాలున్నాయి బాబూ. అంత నికరమైన కొనుగోలుదారు మనకు ఎవరు?

సైన్స్ అభిమాని, కరీంనగర్

ఇస్రో పుష్పక్ దిగింది కాబట్టి బూస్టర్ కూడా దిగినట్టే అని చాలామంది అనుకుంటారు, ఆ రెండూ విడదీయాలి. కర్ణాటకలోని చెళ్లకెరె దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలితే రన్‌వే మీద దిగిన పుష్పక్ రెక్కల వాహనం. అది బూస్టర్ కాదు. ఇక ఇప్పుడున్న ఇస్రో రాకెట్లలో పీఎస్ఎల్‌వీ మొదటి దశ, ఎల్‌వీఎం3 పక్కనుండే ఎస్200లు ఘన ఇంధనంతో నడిచేవి. ఒకసారి అంటుకుంటే ఆపి మళ్లీ వెలిగించే వీల్లేదు. కాబట్టి వాటిని ఫాల్కన్‌లా నిలువుగా దించడం కుదరదు. 2025 జనవరిలో తమిళనాడులోని మహేంద్రగిరిలో ద్రవ ఇంధనంతో నడిచే వికాస్ ఇంజిన్‌ను ఆపి మళ్లీ వెలిగించి చూశారు. మంచి అడుగే. అయితే ఖాళీ అయిన దశ బరువుకు ఒక్క వికాస్ థ్రస్ట్ (పైకి తోసే బలం) కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. కిందికి దించాలంటే చిన్న ఇంజిన్లు ఎక్కువ సంఖ్యలో ఉండాలి, చివర్లో ఒకటో రెండో వెలిగితే చాలాలి. తొమ్మిది ఇంజిన్ల ఫాల్కన్‌లోనూ ఒక్క ఇంజిన్ కనిష్ఠ థ్రస్ట్ ఖాళీ బూస్టర్ బరువును మించిపోతుంది. అది గాల్లో ఆగలేదు. వేగం సున్నా అయ్యే క్షణానికే కాళ్లు నేలను తాకాలి.

వర్క్‌షాప్ ఉద్యోగి, భూపాలపల్లి

ఓపెన్‌కాస్ట్ గనుల డంపర్ల ఇంజిన్లు ఓవర్‌హాల్ చేసే పని నాది. మీ ఇద్దరి వాదనలోనూ నాకు ఒక మాట కనిపించలేదు. దిగిన ఇంజిన్‌ను ఎంతవరకు విప్పాలి?

డంపర్ షెడ్డుకు రాగానే మేము ఇంజిన్ విప్పం. ఆయిల్ శాంపిల్ తీస్తాం. అందులో ఇనుప రజను, రాగి, దుమ్ము ఎంతెంత ఉన్నాయో పరీక్షలో తేలుతుంది. రాగి పెరిగితే బేరింగుల మీద అనుమానం, దుమ్ము పెరిగితే ఎయిర్ ఫిల్టర్ చూస్తాం. అన్నీ పరిమితిలో ఉంటే బండి అదే షిఫ్టులో మళ్లీ గనిలోకి పోతుంది. విప్పకుండా లోపల ఏముందో చెప్పగలగడమే ఖర్చును తగ్గిస్తుంది.

అమెరికా స్పేస్ షటిల్ దెబ్బతిన్నది ఇక్కడే. 1981 నుంచి 2011 వరకు 135 సార్లు ఎగిరింది, తిరిగి దిగడం దానికి మొదటి నుంచీ వచ్చు. అయినా దిగిన ప్రతిసారీ ప్రధాన ఇంజిన్లు ఊడదీసి చూడాలి, వేడిని ఆపే వేల పలకలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఖర్చు తడిసి మోపెడైంది. ఫాల్కన్ బూస్టర్ ఒకటి 2025 మార్చిలో తొమ్మిది రోజులకే మళ్లీ ఎగిరింది. అన్ని రోజుల్లో ఇంజిన్లు పూర్తిగా విప్పి బిగించడం అయ్యే పని కాదు. అవసరం లేకుండా చేసుకున్నారన్నమాట.

ఎన్‌జీఎల్‌వీకి ఇంధనంగా మీథేన్ ఎంచుకోవడం నాకు అందుకే నచ్చింది. కిరోసిన్ మండితే మసి పేరుకుంటుంది, సన్నని దారులు పూడుకుపోతాయి. మీథేన్ చాలా శుభ్రంగా మండుతుంది.

మెకానికల్ విద్యార్థి, కాజీపేట

సార్, అలాగైతే ఏడాదికి పది ప్రయోగాలున్నా గిట్టుబాటు అవుతుందా?

వర్క్‌షాప్ ఉద్యోగి, భూపాలపల్లి

విప్పే పని తక్కువైతే అవుతుంది, ఎక్కువైతే వంద ఉన్నా కాదు. మాస్టారు అడిగిన కర్మాగారం ప్రశ్నకూ జవాబు ఉంది. రెండో దశ ప్రతిసారీ పోయేదే, దానికి ఇంజిన్లు కావాలి. శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో దాదాపు రూ.3,985 కోట్లు ఇచ్చారు. బూస్టర్‌ను పడుకోబెట్టి ఇంజిన్ లోపలికి కెమెరా పంపి చూసే షెడ్డు, ఆ చూపు ఉన్న మెకానిక్కులు తొలి ప్రయోగం నాటికే సిద్ధంగా ఉండాలి.

ఫిజిక్స్ మాస్టారు, హనుమకొండ

రెండో దశ ఇంజిన్ల మాట ఒప్పుకుంటాను. కొనేవాళ్లెవరన్న నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం అంటున్నారు, దాని మాడ్యూళ్లు (విడి భాగాలు) చేర్చడానికి కొన్ని ప్రయోగాలు చాలు. మిగతా ఏళ్లకు ఎవరి ఉపగ్రహాలు, ఎన్ని? ఆ లెక్క తెలిసినవాళ్లు రాయండి.