నైట్ డ్యూటీల మధ్య సొంతంగా జర్మన్ నేర్చుకోవాలి, ఏ పుస్తకం కొనాలి?

ప్రశ్న – నెల్లూరు అమ్మాయి, బెంగళూరు

అందరికీ నమస్తే అండి. మాది నెల్లూరు జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. ఇప్పుడు బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. జర్మనీ వెళ్లాలని ఉంది. ఒక కోచింగ్ సెంటర్‌లో ఏ1 (మొదటి స్థాయి) బ్యాచ్‌లో చేరితే జిరాక్స్ పుస్తకం చేతిలో పెట్టారు. ఆడియో లేదు, అభ్యాసాలకు జవాబులు లేవు. కొన్ని పేజీల్లో బొమ్మలు నల్లగా పడ్డాయి. "బొమ్మ చూసి వాక్యం రాయండి" అని ఉంటుంది, బొమ్మలో ఏముందో మాత్రం తెలియదు. నైట్ డ్యూటీ పడ్డ వారం క్లాసులు ఎలాగూ పోతాయి. ఇంట్లో కూర్చుని నా అంతట నేను చదువుకోగలిగే పుస్తకం చెప్పండి. ఇంకో మాట, వ్యాకరణం ఇంగ్లిష్‌లో వివరిస్తే నాకు సగమే ఎక్కుతుంది.

జవాబు – వైట్‌ఫీల్డ్ నుంచి

ఇప్పుడే డబ్బు పెట్టకండి అండి. జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె వాళ్ల 'నికోస్ వేగ్' అనే కోర్సు ఉంది, పూర్తిగా ఉచితం. ఏ1 నుంచి ఏ2 మీదుగా మూడో మెట్టు బి1 దాకా వీడియో కథలా నడుస్తుంది. ఫోన్‌లో చూసుకోవచ్చు. నేను దాంతోనే మొదలుపెట్టాను.

జవాబు – జర్మన్ టీచర్, ఇందిరానగర్

నికోస్ వేగ్ మంచిదే, నా దగ్గరికి వచ్చేవాళ్లకూ చూడమంటాను. కానీ ఈ అమ్మాయికి అది ఒక్కటే చాలదు. గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే బి1 పరీక్షలో రాత విభాగమే గంటసేపు ఉంటుంది. స్నేహితులకు ఒక మెయిల్, ఒక విషయం మీద మన అభిప్రాయం, మర్యాదగా రాసే చిన్న మెయిల్, ఈ మూడూ రాయాలి. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదాంట్లో నూటికి 60 వస్తేనే పాస్. సరైన జవాబు మీద నొక్కడం అలవాటైన చేయి ఖాళీ కాగితం ముందు ఆగిపోతుంది. వర్క్‌బుక్‌లో వాక్యాలు రాసి, తప్పులు దిద్దుకుని, మళ్లీ రాయాల్సిందే.

నేను తెలుగువాళ్లకు, అందులోనూ ఎక్కువగా నర్సులకు జర్మన్ చెబుతాను. పుస్తకం ఎంచేటప్పుడు నేను చూసేది ఒకటే: టీచర్ లేని రోజు ఆ పుస్తకంతో పని జరుగుతుందా? జరగాలంటే ఆడియో ఉండాలి, వర్క్‌బుక్ ఉండాలి, జవాబులు దొరకాలి. మీ జిరాక్స్ పుస్తకంలో ఈ మూడిట్లో ఏదీ సరిగా లేదు కాబట్టి దాన్ని క్లాసు వరకే వాడుకోండి.

మీకు నేను చెప్పేది హూబర్ ప్రచురణ వాళ్ల 'మెన్షెన్' ఏ1. క్లెట్ వాళ్ల 'నెట్స్‌వెర్క్ నోయ్' కూడా బాగుంటుంది, చాలా సెంటర్లలో అదే నడుస్తుంది. కాకపోతే అందులో ఏ1కి 12 పెద్ద పాఠాలు. షిఫ్టుల మనిషి పెద్ద పాఠాన్ని మధ్యలో వదిలేసి నాలుగు రోజుల తర్వాత తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మెన్షెన్‌లో 24 చిన్న పాఠాలు. కోర్సు పుస్తకంలో ఒక్కో పాఠం నాలుగే పేజీలు, అంటే ఒక కూర్చోవడంలో అయిపోతుంది. మర్నాడు దాని వర్క్‌బుక్ పాఠం చేయండి. ఆడియోలు, వర్క్‌బుక్ జవాబులు హూబర్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. మెన్షెన్‌కీ, నెట్స్‌వెర్క్‌కీ ఢిల్లీ గోయల్ ప్రచురణ వాళ్ల ఇండియన్ ఎడిషన్లు ఉన్నాయి, జర్మనీ నుంచి వచ్చే ప్రతి కంటే బాగా చవక. ఒక్కటే కొనండి, చివరి పాఠం దాకా వెళ్లండి. అయిదు పుస్తకాల్లో మొదటి మూడు పాఠాలే చదివినవాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. వాళ్లకు పేరు, ఊరు చెప్పుకోవడం బ్రహ్మాండంగా వచ్చు, నిన్న ఏం చేశారో చెప్పమంటే మాట రాదు.

ఇక ఇంగ్లిష్ సంగతి. దిగులు పడకండి, చాలా చోట్ల తెలుగే మీకు దగ్గర దారి. "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటే నాకు చలిగా ఉంది. "దాస్ గెఫెల్ట్ మీర్" అంటే అది నాకు నచ్చింది. "మీర్ టూట్ డెర్ కోప్ఫ్ వే", నాకు తల నొప్పిగా ఉంది. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్లు 'నేను'తో మొదలుపెట్టి తప్పు వాక్యం కడతారు. మనం 'నాకు' అనుకుంటే డాటివ్ (మన 'కు' విభక్తి లాంటిది) దానంతటదే కుదురుతుంది. అన్నిచోట్లా కాదు, 'నాకు ఆకలిగా ఉంది'కి మాత్రం "ఇష్ హాబె హుంగర్" అనాలి. అలాంటివి విడిగా ఒక పేజీలో పెట్టుకోండి. 'వైల్' (ఎందుకంటే), 'దాస్' (అని) లాంటి కలిపే మాటల తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుంది, అది మనకు పుట్టుకతో వచ్చిన వరసే. కాబట్టి పాఠం పక్కన అర్థాలు తెలుగులోనే రాసుకోండి.

ఉచ్చారణ మాత్రం తెలుగు లిపిలో రాసుకోవద్దు. 'ఇప్పటికే' అనే మాట, 'అందమైన' అనే మాట మన లిపిలో రెండూ 'షోన్' అయిపోతాయి. జర్మన్‌లో ఆ అచ్చులు వేరు. ఆడియో విని, ఆపి, పైకి అనండి. నామవాచకం ముందు వచ్చే డెర్, డీ, దాస్ అనే ఆర్టికల్స్‌కు కూడా తెలుగు సాయం చేయదు. ప్రతి నామవాచకాన్ని దాని ఆర్టికల్‌తో, బహువచనంతో కలిపే రాయండి, మొదటి రోజు నుంచే.

విడిగా గ్రామర్ పుస్తకం ఏ2కి వచ్చాక చాలు. అప్పుడు కార్నెల్సెన్ వాళ్ల 'గ్రమాటిక్ ఆక్టివ్' తీసుకోండి, ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసం. అదే సమయంలో హూబర్‌దే 'మెన్షెన్ ఇమ్ బెరూఫ్ – ఫ్లేగె' మొదలుపెట్టండి. అది నర్సింగ్ పని కోసం రాసిన పుస్తకం, ఏ2కి, బి1కి వేరువేరుగా ఉంది. నర్సుగా గుర్తింపు రావడానికి మామూలుగా బి1 తర్వాతి మెట్టు బి2 దాకా అడుగుతారు, ఆ దారిలో ఈ పుస్తకం చాలా అక్కరకొస్తుంది.

జవాబు – జయనగర్, రిటైర్డ్ ఇంజినీర్

టీచరమ్మ చెప్పింది బాగుంది. అమ్మా, సెకండ్‌హ్యాండ్ కొనాలనుకుంటే చర్చ్ స్ట్రీట్ బ్లాసమ్‌లోనో అవెన్యూ రోడ్డులోనో వెతుకుతావు కదా, అక్కడ మరీ పాతవి కూడా కలిసిపోయి ఉంటాయి. అంగడి పాఠం తీసి చూడు. ధరలు యూరోల్లో కాక జర్మనీ పాత డబ్బు మార్కుల్లో ఉంటే 2002కి ముందుది, ఆ ఏడాది జనవరి నుంచే యూరో నోట్లు చేతికొచ్చాయి. జర్మనీ చిరునామాలో పిన్‌కోడ్ నాలుగంకెలుంటే ఇంకా పాతది, 1993లో అయిదంకెలు చేశారు. పటంలో రెండు జర్మనీలుంటే ముట్టుకోవద్దు. స్పెల్లింగ్ కూడా చూడు. 'దాస్' అనే ఆ కలిపే మాట చివర రెండు ఎస్‌లుంటే 1996 సంస్కరణ తర్వాతి పద్ధతి. బి లాంటి ఎస్సెట్ అక్షరముంటే పాత పద్ధతి, పరీక్షలో తప్పు. అలాగని ఎస్సెట్ కనిపించిన ప్రతి మాటా పాతది కాదు, 'ష్ట్రాసె'లో ఇప్పటికీ అదే.

అడిగినవారు

చాలా థ్యాంక్స్ టీచర్, థ్యాంక్స్ అంకుల్. కొనేముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలని ఉంది. ఎక్కడికెళ్లాలి? వర్క్‌బుక్ కూడా సెకండ్‌హ్యాండ్ తీసుకోవచ్చా?

జవాబు – జర్మన్ టీచర్, ఇందిరానగర్

సీఎంహెచ్ రోడ్డులో గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, మాక్స్‌ముల్లర్ భవన్ అంటే ఎవరైనా చూపిస్తారు. ఇందిరానగర్ మెట్రోలో దిగితే అదే రోడ్డు. లైబ్రరీ వేళలు చూసుకుని వెళ్లండి. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, మీ క్లాసులో అయిపోయిన విషయమే ఉన్న పాఠం తెరవండి. ఇయర్‌ఫోన్లతో ఆడియో వింటూ ఒక అభ్యాసం చేసి చూడండి. ఎవరినీ అడగకుండా ముందుకు వెళ్లగలిగితే అదే మీ పుస్తకం. గోథే వెబ్‌సైట్‌లో ఏ1 పదాల జాబితా, నమూనా ప్రశ్నపత్రం ఉచితంగా ఉన్నాయి, అవి మాత్రం ప్రింట్ తీసుకోవచ్చు.

కోర్సు పుస్తకం పాతదైనా పర్వాలేదు, వర్క్‌బుక్ కొత్తదే కొనండి. పాత వర్క్‌బుక్‌లో ఎవరో పెన్సిల్‌తో నింపేసి ఉంటారు, ఆ జవాబులు కంటికి తగులుతుంటే మీ బుర్ర పనిచేయదు. మొదటి పాఠం రాశాక పేజీ ఫోటో ఇక్కడే పెట్టండి, నేను దిద్ది పంపుతాను.