ఈ క్రిస్మస్ అండమాన్‌లో: రిటైరైన జంటకు సలహా కావాలి

దేవరకొండ లైన్‌మన్:
అందరికీ వందనాలు. కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్పయ్యేళ్లు చేసి రిటైరయ్యాను. మా ఆవిడ టీచర్‌గా చేసింది. అక్కడి తెలుగు సంఘంలో పరిచర్యకని మా సంఘం మమ్మల్ని ఆర్నెల్లు పోర్ట్‌బ్లెయిర్ పంపిస్తోంది. నవంబర్ రెండో వారంలో ప్రయాణం. "ఈ వయసులో దీవులేంది డాడీ" అని పిల్లల గొడవ. నా టెన్షన్ వేరు. పెళ్లయినప్పటి నుంచి ఒక్క క్రిస్మస్ కూడా ఊరు విడిచి చేసుకోలేదు. మంకీ క్యాప్ పెట్టుకుని రాత్రంతా క్యారల్స్‌కు తిరగడం, తెల్లారి ఆరాధన, మధ్యాహ్నం మటన్, జొన్నరొట్టె... అక్కడ పండగ రోజులు ఎలా గడుస్తాయి? ఏమేం తీసుకుపోవాలి? 26న సంఘం పిల్లలందరినీ బీచ్‌కు పిక్నిక్ తీసుకుపోదామని అనుకుంటున్నా. బాగుంటుందా?

పోర్ట్‌బ్లెయిర్ కుర్రాడు:
అంకుల్, మా తాతది శ్రీకాకుళం జిల్లా, నేను పుట్టింది ఇక్కడే. భాష గురించి దిగులొద్దు. 2011 లెక్కల్లోనే అండమాన్‌లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు కానీ ఆటోవాడికి పోర్ట్‌బ్లెయిర్ అంటేనే వెలుగుతుంది. మంకీ క్యాప్ ఇంట్లో పెట్టి గొడుగు తెచ్చుకోండి, డిసెంబర్‌లోనూ ఒక్కోసారి వాన పడుతుంది. పిక్నిక్ గురించి ఇక్కడి పెద్దవాళ్లను ఒక మాట అడగండి.

పాలమూరు పిన్ని:
అన్నయ్యా, మేమూ మీలాగే వెళ్లొచ్చాం, పది నెలలున్నాం. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఏమనుకోకండి.

ముందు పొద్దు సంగతి. డిసెంబర్‌లో అక్కడ అయిదున్నరకే తెల్లారుతుంది, సాయంత్రం అయిదు దాటగానే చీకటి. మన పాలమూరులో అప్పుడు టీ తాగుతుంటాం. మొదటి వారం మా ఆయన ఏడింటికే ఆవలించి పడుకునేవాడు. మేము పది గంటలకు క్యారల్స్‌కు బయల్దేరదామంటే అక్కడివాళ్లు నవ్వారు, అప్పటికి సగం ఊరు నిద్రపోతుందట. ఆరింటికి మొదలుపెట్టాం. చెమటలు కారుతుంటే పాడాం. చలి లేకుండా నాకు పండగే అనిపించలేదు, నిజం చెప్తున్నా.

కూరగాయలు చాలావరకు చెన్నై, వైజాగ్, కోల్‌కతాల నుంచి ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే టమాటా ధర ఎక్కడికో పోతుంది. చేపలకు కొదవ లేదు. జొన్నపిండి మాత్రం నాకు ఏ కొట్లోనూ కనబడలేదు, వదినను జొన్నలు మరలో పట్టించి తెచ్చుకోమనండి. ఉక్కకు పురుగు పడుతుంది, ఎండబెట్టి గట్టి డబ్బాలో పోయాలి. బీపీ మాత్రలు రెండు నెలలకు సరిపడా ఉంచుకోండి.

ఇప్పుడు మీ పిక్నిక్. నేనూ అచ్చంగా అదే చేశాను. నవంబర్‌లోనే "26న బీచ్‌లో ఆటలు, భోజనాలు" అని కాగితం రాసి చర్చి గోడకు అంటించాను. ఎవరూ ఏమీ అనలేదు. చందా కూడా ఇచ్చారు! రెండు రోజుల తర్వాత రాత్రి ఒక పెద్దమ్మ మా గుమ్మంలో కూచుని, చెప్పులు పక్కకు జరుపుకుంటూ, "టీచరమ్మా, ఆ రోజు మేం సముద్రానికి పోము" అంది. అంతే అంది. నాకు అప్పటికీ వెలగలేదు. మా ఆయనకు వెలిగింది. 2004 సునామీ వచ్చింది క్రిస్మస్ మర్నాడే కదా, ఆదివారం పొద్దున. ఆరున్నరకు భూమి కదిలింది, ఆ తర్వాత నీళ్లొచ్చాయి. కార్ నికోబార్ దీవిలో అయితే పండగ చేసుకుని పడుకున్న ఊళ్లకు ఊళ్లే పోయాయి.

కాగితం నేనే చింపాను. సిగ్గేసింది.

ఆ వారమే ఆమె నన్ను సిప్పీఘాట్ వైపు బస్సులో తీసుకెళ్లింది. అక్కడ ఆ భూకంపానికి నేల కుంగి పొలాల్లోకి సముద్రం వచ్చేసింది. కిటికీలోంచి నీళ్లను చూపిస్తూ "ఇది వరి చేను" అంది. మా తల్లిగారి ఊరు కొల్లాపూర్ వైపు, శ్రీశైలం ముంపులో పోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మా అమ్మ కూడా ఇలాగే మొండిగోడలు చూపించి "ఇది మన పశువుల కొట్టం" అనేది. ఆ మాట పెద్దమ్మకు చెప్పాను. అప్పటి నుంచి టీచరమ్మ పోయి "బిడ్డా" అయింది.

26న ఏం చేశామంటే, పొద్దున చిన్న ప్రార్థన. మా ఆయన వాక్యం రాసుకుని వచ్చాడు కానీ చెప్పలేదు. వాళ్లే ఒక్కొక్కరు లేచి పోయినవాళ్ల పేర్లు చెప్పారు. టీ తాగి ఇళ్లకు పోయాం. మా పక్కింట్లో నికోబారీ కుటుంబం ఉండేది, ఆ ఆదివారం వాళ్లను భోజనానికి పిలిస్తే వాళ్లూ తిరిగి పిలిచారు. పంది మాంసం వండారు. నేను తినను, మొహమాటపడి కొబ్బరితో సరిపెట్టాను. వాళ్ల ఇంటి గోడ మీద బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఫొటో ఉంది. కార్ నికోబార్‌లోనే పుట్టి, కొత్త నిబంధనను వాళ్ల భాషలోకి తెచ్చినాయన. తొలి లోక్‌సభలో అండమాన్ నుంచి ఉన్నది కూడా ఆయనే. అక్కడ నేర్పాల్సింది తక్కువ అని నాకు ఆ పూటే అర్థమైంది.

పిల్లల ఆటలు జనవరి ఒకటో తేదీకి పెట్టుకోండి, 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక ఎలాగూ ఎవరూ పనికి పోరు.

నకిరేకల్ వకీలు:
పిన్నిగారు అన్నీ చెప్పారు. ఒక్కటి కలుపుతా. పరిచర్య ఉత్సాహంలో ఎవరైనా "దీవులన్నీ తిరిగొద్దాం" అంటే వినకండి. నికోబార్ దీవులకు పాస్ లేనిదే పోలేరు, ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచే చట్టం ఉంది. బయటివాళ్లను రానివ్వని తెగ ఉండే నార్త్ సెంటినెల్ దీవి దగ్గరికి అసలే పోకూడదు. 2018లో సువార్త చెప్తానని వెళ్లిన అమెరికా యువకుడు అక్కడే చనిపోయాడు, పడవలో దింపిన జాలరులు జైలుకు పోయారు.

దేవరకొండ లైన్‌మన్:
పిన్నిగారి జవాబు మా ఆవిడకు చదివి వినిపించాను. సగంలో లేచి వెళ్లి జొన్నలు ఎండలో పోసింది. పిక్నిక్ మాట ఇక ఎత్తను. వకీలు గారూ, మాకు పోర్ట్‌బ్లెయిరే ఎక్కువ. ఒకటే అనుమానం, విమానంలో 15 కిలోలే అంటున్నారు. రొట్టెల పెనం అక్కడ దొరుకుతుందా?

పాలమూరు పిన్ని:
పెనం మోయకండి. నాది అక్కడే వదిలొచ్చాను, ఆ పెద్దమ్మ దగ్గర ఉంది. మొదటి రొట్టె ఆమెకే పెట్టమనండి, వెల్లుల్లి కారంతో తింటుంది.