ఇంటర్ బైపీసీ తర్వాత విదేశంలో మెరైన్ బయాలజీ: ఫౌండేషన్ ఏడాది అవసరమా?

లాసన్స్‌బే నాన్న:
మా అమ్మాయి మన రాష్ట్ర బోర్డులోనే ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. 78 శాతం. చిన్నప్పటి నుంచి రుషికొండ దగ్గర రాళ్ల మధ్య నిలిచిన నీళ్ల పక్కన గంటల తరబడి కూర్చునే పిల్ల. మెరైన్ బయాలజీ తప్ప మరొకటి చదవనంటోంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇంగ్లండ్‌లో ముందు ఏడాది ఫౌండేషన్, తర్వాత మూడేళ్ల డిగ్రీ అన్నారు. ఫౌండేషన్‌కే 18 లక్షలట. ఆనందపురం దగ్గరున్న స్థలం అమ్మాలి. ఆ ఏడాది నిజంగా అవసరమా? తెలిసినవారు చెప్పండి.

తెరచాప:
ఆ దారిలోనే వెళ్లి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. అక్కడి పిల్లలు బడిలో 13 ఏళ్లు చదివి డిగ్రీలో చేరతారు, మనం 12 ఏళ్లు. ఆ లోటు పూడ్చడానికే ఫౌండేషన్. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం మళ్లీ చెబుతారు, అవి మనకు వచ్చినవే. రానివి రెండు. ఒకటి లెక్కలు. బైపీసీ వాళ్లం పదో తరగతితో వదిలించుకున్నాం అనుకుంటామా, గణాంకశాస్త్రం పేరుతో మళ్లీ ఎదురవుతాయి. ఒక రాయి మీద ఎన్ని నత్తలున్నాయో చెబితే చాలదు, పక్క రాయితో దానికున్న తేడా యాదృచ్ఛికమా కాదా అన్నది తేల్చాలి. రెండోది రాయడం. నా మొదటి ప్రయోగ నివేదికను ఇంటర్ రికార్డు పుస్తకంలాగే ఉద్దేశం, పరికరాలు, ఫలితం అని దించేశాను. ‘ఇందులో నువ్వు చూసింది ఏది?’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి ఇచ్చారు. నిజానికి నేనేమీ చూడలేదు, పుస్తకంలో ఉన్నదే రాశాను.

పోర్టు గేటు:
నీట్ రాలేదా?

లాసన్స్‌బే నాన్న:
రాయలేదండీ. రాయనంది.

కోరమండల్ 64:
ఈ 13 ఏళ్ల కథే కన్సల్టెన్సీలకు అన్నం పెడుతోంది. ఇంగ్లండ్‌లోనే చాలా విశ్వవిద్యాలయాలు మన పన్నెండో తరగతి మార్కులు చూసి నేరుగా మొదటి ఏడాదిలో చేర్చుకుంటాయి. స్కాట్లండ్‌లో డిగ్రీయే నాలుగేళ్లు. అబెర్డీన్‌లోనూ సెయింట్ ఆండ్రూస్‌లోనూ మెరైన్ బయాలజీ ఉంది. ఒకటీ మూడూ కలిపితే నాలుగే కదా! అక్కడ నాలుగేళ్లూ డిగ్రీ చదువుతారు, ఇక్కడ ఒక ఏడాది ఇంటరే మళ్లీ చదువుతారు. ఈ మాట ఆ కన్సల్టెన్సీ ఎందుకు చెప్పలేదు? వాళ్లకు వచ్చే కమిషన్ ఎంతో అడిగారా? మా బావమరిది కొడుకును ఇలాగే పంపారు. ఫౌండేషన్‌లో వాళ్లడిగిన మార్కులు రాలేదు, డిగ్రీ సీటు ఇవ్వలేదు. పెందుర్తిలో ఇల్లు పోయింది. వాడిప్పుడు గాజువాకలో సెల్‌ఫోన్ల దుకాణంలో ఉన్నాడు.

తెరచాప:
నేరుగా చేరడం సీబీఎస్‌ఈ, ఐఎస్‌సీ వాళ్లకు తేలిక. రాష్ట్ర బోర్డు అంటే సాధారణంగా ఎక్కువ శాతం అడుగుతారు, 78 అన్నిచోట్లా సరిపోదు. లాసన్స్‌బే గారూ, మీరు అడగవలసినవి వేరే ఉన్నాయి. ఫౌండేషన్ డిగ్రీలో భాగమా, విడి కళాశాలలోనా? విడిగా అయితే డిగ్రీ కన్నా కింది చదువు కింద లెక్క, వారానికి 10 గంటలే పని చేయనిస్తారు. డిగ్రీ వాళ్లకు 20. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు, వీసా దరఖాస్తుతోనే కట్టాలి. పని చేసుకుంటూ ఫీజు కట్టేయవచ్చని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

కోరమండల్ 64:
నేను కమిషన్ గురించి అడిగాను.

తెరచాప:
విశ్వవిద్యాలయాలు ఏజెంట్లకు కమిషన్ ఇస్తాయి, అందులో రహస్యమేమీ లేదు. దానికీ అమ్మాయికి లెక్కలు రావడానికీ సంబంధం ఏమిటి?

భీమిలి హేచరీ:
సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని ఇంగ్లండ్ ఎందుకు? 1950లలో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త బంగాళాఖాతాన్ని తెలుసుకోవడానికి వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి పని చేశాడు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ మన విశాఖలోనే కేంద్రాలున్నాయి. నేను ఇక్కడే ఎమ్మెస్సీ చేశాను. వనామీ రొయ్యల గుడ్లు పొదిగించే హేచరీలో రాత్రి డ్యూటీ. బీకరుతో నీళ్లు ముంచి, దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, నలుసుల్లాంటి నాప్లీలను, అంటే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన రొయ్య పిల్లలను, లెక్కపెడతాను. నిరుడు ఇంగ్లండ్ డిగ్రీతో ఒకతను నాకు పైఅధికారిగా వచ్చాడు. నాప్లీ ఏదో, దాని తర్వాతి దశ జోయా ఏదో అతనికి నేనే నేర్పాను.

తెరచాప:
అది మీ యజమాని తప్పు, ఫౌండేషన్ తప్పు కాదు. పైగా మీరు చెప్పేది ఎమ్మెస్సీ. ఈ అమ్మాయి ముందు మూడేళ్లు జువాలజీ బీఎస్సీలో కప్పలూ బొద్దింకలూ చదవాలి. ఇంగ్లండ్ తీరంలోని ప్లిమత్‌లో ఆటుకూ పోటుకూ తేడా 5 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. నీళ్లు తీశాక అప్పటిదాకా మునిగి ఉన్న నేల మీద బూట్లతో నడుస్తాం. ఒకే రాయి మీద ఏ ఎత్తున ఏ ప్రాణి బతుకుతుందో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. విశాఖలో ఆ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు.

భీమిలి హేచరీ:
మా నాన్నకు బూట్లు లేవు. ఏ రాయి దగ్గర ఏ నెలలో ఏమి పడుతుందో చెప్పేవాడు. సముద్రం అర్థం కావడానికి మీకు 5 మీటర్లు కావలసివచ్చింది.

తెరచాప:
ఇవేం మాటలండీ! నేనెవరిని తక్కువ చేశాను?

గళ్ల నోటుబుక్కు:
జువాలజీ ఒక్కటే కాదు. బైపీసీ వాళ్లకు ఈఏపీసెట్ ర్యాంకుతో బీఎఫ్‌ఎస్‌సీ ఉంది, అంటే మత్స్యశాస్త్రంలో డిగ్రీ, నాలుగేళ్లు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కళాశాల ఉంది. దాన్ని ఎవరూ తలచుకోరేం?

లాసన్స్‌బే నాన్న:
తలచుకున్నామండీ. ర్యాంకు కూడా వచ్చింది, సీటు వచ్చేలాగే ఉంది. నేనే వద్దన్నాను. అమ్మాయి ఏం చదువుతోందని నలుగురూ అడిగితే చేపల కాలేజీ అని చెప్పాలా?

భీమిలి హేచరీ:
చెప్పండి. వంజరం పులుసు తినేటప్పుడు లేని నామోషీ చదువు దగ్గర ఎందుకు? ముత్తుకూరులో చదివితే చేపల కాలేజీ, ఇంగ్లండ్‌లో చదివితే మెరైన్ బయాలజీ! మా అమ్మ రేవులో గంప పెట్టి అమ్మిన డబ్బుతో చదివాను. ఆవిడ కూడా పెళ్లిచూపుల్లో హేచరీ అనవద్దు, పరిశోధన అని చెప్పమంటుంది. మీరు స్థలం అమ్మేది చదువు కోసం కాదండీ, ఆ పేరు కోసం.

తెరచాప:
అంత మాట అనవలసింది కాదు. కానీ లాసన్స్‌బే గారూ, ఈ సీటు సంగతి మొదటే చెబితే నేను ఇంత రాసేవాడినే కాదు. బీఎఫ్‌ఎస్‌సీ చేసి పీజీకి బయటికి వెళితే ఫౌండేషన్ ప్రశ్నే రాదు. ఒకటి మాత్రం నిజం: అందులో ఎక్కువగా చెరువులు, మేత, చేపల రోగాలు. రాళ్ల మీది నత్తలు తక్కువ.

పోర్టు గేటు:
ఇంతకీ అమ్మాయి ఏమంటోంది?

లాసన్స్‌బే నాన్న:
రెండింట్లో ఏదైనా సరేనంది. రెండు నెలల క్రితమే అంది. మొదట ఇక్కడ రాసింది నా మాట. హేచరీ గారూ, నేనన్నది తప్పే. కానీ మా పెద్దన్నయ్యకు ఏమని చెప్పాలో ఇప్పటికీ తోచడం లేదు.

భీమిలి హేచరీ:
మీ అన్నయ్యగారికి రొయ్యల చెరువులేమైనా ఉన్నాయా?

లాసన్స్‌బే నాన్న:
భీమవరం దగ్గర ఆరెకరాలు.

కోరమండల్ 64:
కమిషన్ ఎంతో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.