ఒక జట్టు గెలిస్తే ఖండమంతా సంబరం: ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఆఫ్రికా ఐక్యత ఎంతవరకు నిజం?

ప్రశ్న

2022లో ఖతార్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మొరాకో జట్టు స్పెయిన్‌ను పెనాల్టీ షూటౌట్‌లోనూ, పోర్చుగల్‌ను 1-0 తేడాతోనూ ఓడించి, సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టుగా నిలిచింది. ఆ రోజుల్లో ఆ గెలుపును మొత్తం ఆఫ్రికా గెలుపుగా చెప్పుకున్నవారు కోకొల్లలు. తమ జట్లు అప్పటికే ఇంటిదారి పట్టిన దేశాల అభిమానులు కూడా మొరాకోను తమ జట్టుగానే భావించి సంబరపడ్డారు. ఇతర ఖండాల విషయంలో ఇలాంటిది నాకు కనిపించలేదు. ఇటలీ కప్పు గెలిస్తే ఐరోపా గెలిచిందని జర్మనీ అభిమాని పొంగిపోడు. బ్రెజిల్ ఓడిపోతే అర్జెంటీనాలో కంటతడి పెట్టేవారు ఉండరు.

అయితే ఇవే ఆఫ్రికా దేశాలు తమలో తాము ఆడుకునేటప్పుడు ఆ సోదరభావం జాడ కూడా కనిపించదు. 2009 నవంబరులో ప్రపంచకప్ అర్హత కోసం ఈజిప్టు, అల్జీరియా తలపడినప్పుడు కైరోలో అల్జీరియా జట్టు బస్సుపై రాళ్లు పడ్డాయి. సూడాన్‌లోని ఓమ్డుర్మాన్‌లో జరిగిన నిర్ణాయక మ్యాచ్ తరువాత ఆ వివాదం ఎంత ముదిరిందంటే, ఈజిప్టు అల్జీర్స్‌లోని తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. మొరాకో, అల్జీరియాల మధ్య సరిహద్దు 1994 నుంచి మూతపడే ఉంది. 2021లో ఆ రెండు దేశాల దౌత్య సంబంధాలు కూడా తెగిపోయాయి. ఇన్ని చీలికలున్న చోట ప్రపంచకప్ రాగానే వినిపించే ‘ఆఫ్రికా అంతా ఒక్కటి’ అన్న భావన నిజంగా అభిమానుల మనసులో నుంచి వచ్చేదేనా, లేక వ్యాఖ్యాతలకు అలవాటైన మాటా? నిజమైనదే అయితే దాని మూలం ఎక్కడుంది? ఆఫ్రికా ఫుట్‌బాల్‌ను శ్రద్ధగా గమనించినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

ఆ భావన నిజమైనదే. అయితే దాని మూలాన్ని నేను సోదరభావంలో వెతకను. ప్రపంచకప్‌లో ఆఫ్రికాకు ఎన్ని స్థానాలు ఇవ్వాలన్న లెక్కలో, ఆ లెక్కలో ఖండమంతా కలిసి భరించిన అవమానంలో వెతుకుతాను.

1966లో ఇంగ్లండ్‌లో జరిగిన ప్రపంచకప్‌కు మొత్తం 16 స్థానాలు ఉండగా, ఆతిథ్య దేశంతో కలిపి ఐరోపాకు 10, అప్పటి విజేత బ్రెజిల్‌తో కలిపి దక్షిణ అమెరికాకు 4, ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాలకు 1 కేటాయించిన ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, మిగిలిన ఒకే ఒక్క స్థానం కోసం ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడూ పోటీపడాలని నిర్ణయించింది. అంటే ఆఫ్రికాలో అన్ని జట్లనూ దాటుకొని వచ్చిన విజేత కూడా మళ్లీ ఆసియా, ఓషియానియా విజేతతో ఆడి నెగ్గితే తప్ప ఇంగ్లండ్‌లో అడుగుపెట్టలేదు. దీనికి తోడు, వర్ణవివక్ష కారణంగా 1961లో సస్పెండ్ చేసిన దక్షిణాఫ్రికాను ఫిఫా 1963లో తిరిగి చేర్చుకోవడం ఆఫ్రికా దేశాలను మరింత నొప్పించింది. ఘనా క్రీడా విభాగానికి అధిపతిగా ఉన్న ఒహెనె జాన్, ఇథియోపియాకు చెందిన యిద్నెకాచ్యూ తెస్సెమా ముందు నిలిచి నడిపించగా, ఘనా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా వంటి నాయకుడి అండతో, ఆఫ్రికా జట్లు ఆ అర్హత పోటీలను బహిష్కరించాయి.

ఇక్కడ గమనించవలసినది ఘనా పాత్ర. 1963లోనూ, 1965లోనూ ఆఫ్రికా దేశాల మధ్య జరిగే ఆఫ్రికా నేషన్స్ కప్ గెలిచినది ఆ జట్టే. ఆ ఒక్క స్థానం ఆఫ్రికాకు దక్కే అవకాశం ఏ జట్టు వల్లనైనా ఉందంటే అది ఘనా వల్లనే. బహిష్కరణ వల్ల అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఎవరో వారే అందరికంటే ముందుండి బహిష్కరించారు. ఆ తరం ఘనా ఆటగాళ్లు ప్రపంచకప్ ఆడకుండానే తమ ఆటజీవితాన్ని ముగించారు. ఐక్యత గురించి ఎంతమంది ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఆ త్యాగానికి సాటిరావని నా నమ్మకం.

ఆఫ్రికా వదులుకున్న ఆ స్థానం చివరికి ఆస్ట్రేలియాను ఓడించిన ఉత్తర కొరియాకు దక్కింది. క్వార్టర్‌ఫైనల్‌లో ఆ ఉత్తర కొరియాను పోర్చుగల్ 5-3తో ఓడించగా, అందులో నాలుగు గోల్స్ యుసేబియో చేశాడు. ఆ టోర్నమెంటులో 9 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచిన యుసేబియో అప్పటికి పోర్చుగల్ వలసగా ఉన్న మొజాంబిక్‌లో పుట్టినవాడు. ఆ జట్టు కెప్టెన్ మారియో కొలూనా పుట్టినదీ అక్కడే. ఆఫ్రికా జట్టు ఒక్కటీ లేని ప్రపంచకప్‌లో అత్యధిక గోల్స్ చేసినది ఆఫ్రికా గడ్డపై పుట్టిన ఆటగాడు కావడం ఎంత బాధాకరమో ఆలోచించండి.

బహిష్కరణ వృథా కాలేదు. 1970 నుంచి ఆఫ్రికాకు ఒక స్థానం ఖాయమైంది, దానిని సాధించి మెక్సికో వెళ్లినది మొరాకో. అప్పటినుంచి ఒక దేశం ఆట మరొక దేశం అవకాశాన్ని నిర్ణయించడం మొదలైంది. 1974లో జైర్ (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) జట్టు యుగోస్లావియా చేతిలో 9-0తో ఓడినప్పుడు ఆ ఎగతాళిని జైర్ ఒక్కటే భరించలేదు, ఖండమంతా భరించింది. 1978లో ట్యునీషియా మెక్సికోను 3-1తో ఓడించి ప్రపంచకప్‌లో ఆఫ్రికాకు తొలి విజయం అందించినప్పుడు ఊరట కూడా ఖండమంతటికీ దక్కింది. 1982లో స్థానాలు రెండయ్యాయి. 1990లో కామెరూన్ క్వార్టర్‌ఫైనల్ చేరాక, 1994లో మూడయ్యాయి. ఆ ఏడాది నైజీరియా తొలిసారి ప్రపంచకప్ ఆడింది. 1998లో అవి అయిదుకు పెరిగాయి. పొరుగు దేశం గెలిస్తే రేపు మన దేశానికి తలుపు తెరుచుకుంటుందన్న ఎరుక రెండు మూడు తరాలుగా ఉన్నచోట, పొరుగు జట్టు కోసం గొంతు చించుకుని అరవడంలో వింత లేదు.

రెండవ సమాధానం

పై మిత్రులు చెప్పిన చరిత్రతో నేను ఏకీభవిస్తాను. కానీ స్టేడియంలో అభిమాని పెట్టుకునే కన్నీటిని స్థానాల లెక్కతో పూర్తిగా వివరించలేమని నా అభిప్రాయం. 2010 జూలై 2న జొహన్నెస్‌బర్గ్‌లోని సాకర్ సిటీలో జరిగిన ఘనా, ఉరుగ్వే క్వార్టర్‌ఫైనల్ అందుకు సాక్ష్యం.

ఆఫ్రికా గడ్డపై జరిగిన తొలి ప్రపంచకప్ అది. ఆరు ఆఫ్రికా జట్లు ఆడగా, ఆతిథ్య దక్షిణాఫ్రికాతో సహా అయిదు జట్లు గ్రూప్ దశలోనే వెనుదిరిగాయి. మిగిలిన ఘనాను దక్షిణాఫ్రికా అభిమానులు, తమ జట్టుకున్న ‘బఫానా బఫానా’ అన్న ముద్దుపేరును కొద్దిగా మార్చి, ‘బఘానా బఘానా’ అని పిలుచుకుంటూ అక్కున చేర్చుకున్నారు. ఆ రోజు స్టేడియంలో ఉన్న 80 వేల పైచిలుకు ప్రేక్షకుల్లో అత్యధికులు ఘనా వైపే ఉన్నారు. ఘనా ఆటగాడు సుల్లీ ముంటారి దూరం నుంచి కొట్టిన గోల్‌కు ఉరుగ్వే ఆటగాడు డియెగో ఫోర్లాన్ ఫ్రీకిక్‌తో బదులిచ్చాడు. 1-1తో సాగిన అదనపు సమయం చివరి క్షణాల్లో, గోల్ లోపలికి వెళ్లిపోతున్న బంతిని ఉరుగ్వే ఆటగాడు లూయిస్ సువారెజ్ చేతులతో ఆపి, రెడ్ కార్డుతో బయటికి నడిచాడు. అందుకు ఘనాకు దక్కిన పెనాల్టీని గోల్‌గా మలిస్తే ఆఫ్రికా తొలిసారి సెమీఫైనల్‌లో ఉండేది. అసమోవా జ్యాన్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి పైకి లేచింది. ఆ వెంటనే మొదలైన షూటౌట్‌లో ఘనా తరఫున మొదటి కిక్ తీసుకోవడానికి అదే జ్యాన్ మళ్లీ ముందుకొచ్చి గోల్ చేశాడు. అంతటి గుండెధైర్యం నేను ఆటలో అరుదుగా చూశాను. షూటౌట్‌లో ఘనా 4-2తో ఓడిపోయింది.

ఆ ఓటమి గురించి సెనెగల్‌వారు, కెన్యావారు, దక్షిణాఫ్రికావారు ఇప్పటికీ తమకే అన్యాయం జరిగినట్టు మాట్లాడతారు. వాళ్లలో ఎవరూ స్థానాలు పెరుగుతాయా తగ్గుతాయా అని లెక్కలు వేసుకొని మాట్లాడరు. 2002లో సెనెగల్ తన మొట్టమొదటి ప్రపంచకప్ మ్యాచ్‌లోనే, ఒకప్పుడు తమను పాలించిన ఫ్రాన్స్‌ను, పాపా బూబా డియోప్ గోల్‌తో 1-0 తేడాతో ఓడించినప్పటి ఆనందం కూడా అలాంటిదే. వలసపాలన అనుభవం ఒక్కో దేశానికి ఒక్కో రకంగా ఉండవచ్చు, కానీ పాలించినవారిని మైదానంలో ఓడించడంలోని తృప్తి అందరికీ ఒకేలా అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. 1966 నాటి బహిష్కరణలో ఘనా పాత్ర నాకు కొత్త విషయం. అయితే మీ ఉదాహరణల్లో ఎక్కువ భాగం సహారాకు దక్షిణాన ఉన్న దేశాలవి. స్పెయిన్‌పై గెలిచిన రోజు మొరాకో ఆటగాడు సోఫియాన్ బౌఫాల్ ఆ విజయాన్ని మొరాకో ప్రజలకు, అరబ్బులకు, ముస్లింలకు అంకితమిస్తున్నట్టు చెప్పి, ఆఫ్రికా పేరెత్తలేదు. దానిపై విమర్శలు వచ్చాక అతడు ఇన్‌స్టాగ్రామ్‌లో క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఉత్తర ఆఫ్రికా జట్లు నిజంగా ఈ ఐక్యతలో భాగమేనా, లేక దక్షిణాన ఉన్నవారు ఇచ్చే ప్రేమ అటునుంచి తిరిగి రావడం లేదా?

మూడవ సమాధానం

బౌఫాల్ ఉదంతాన్ని నేను మీకంటే భిన్నంగా అర్థం చేసుకున్నాను. ఆఫ్రికా పేరు చెప్పనందుకు అంతమంది నొచ్చుకోవడమే, ఆ విజయంలో తమకు వాటా ఉందని వాళ్లు ఎంత గట్టిగా నమ్మారో చెబుతున్నది. పరాయివాడు మనల్ని మరిచిపోతే మనకు కోపం రాదు.

చరిత్ర చూసినా, ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్యను ఉత్తరం వేరు, దక్షిణం వేరు అని విడదీయడం కుదరదు. 1957లో ఖార్టూమ్‌లో ఆ సమాఖ్యకు పునాది వేసినవి ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా. దాని ప్రధాన కార్యాలయం ఈజిప్టులోనే ఉంది. తెల్లవారు, నల్లవారు కలిసి ఆడే జట్టును పంపడానికి దక్షిణాఫ్రికా ఒప్పుకోకపోవడంతో, వ్యవస్థాపక దేశమని కూడా చూడకుండా దానిని తొలి నేషన్స్ కప్‌కు దూరంగా ఉంచారు. ఫిఫా ఆ పని చేయడానికి మరికొన్నేళ్లు పట్టింది. అంటే నల్లజాతి ఆటగాళ్ల గౌరవం కోసం నిలబడినవారిలో ఈజిప్టు, సూడాన్ కూడా మొదటినుంచీ ఉన్నాయి.

మొరాకో విషయం ఇంకా ఆసక్తికరమైనది. పశ్చిమ సహారా ప్రాంతం ఎవరిదన్న వివాదం కారణంగా ఆ దేశం 1984లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ నుంచి వైదొలగింది, 2017లో గానీ దాని స్థానంలో వచ్చిన ఆఫ్రికా యూనియన్‌లో చేరలేదు. ఆ మూడు దశాబ్దాల పైచిలుకు కాలంలో ఫుట్‌బాల్ సమాఖ్యను మాత్రం విడిచిపెట్టలేదు; సరికదా, 1988లో నేషన్స్ కప్‌కు ఆతిథ్యం కూడా ఇచ్చింది. ప్రభుత్వాలు ఒకే బల్ల దగ్గర కూర్చోలేకపోయిన కాలంలో వాటి జట్లు ఒకే మైదానంలో ఆడుతూ వచ్చాయి. అయితే ఫుట్‌బాల్ అన్ని గాయాలనూ మాన్పుతుందని నేను అనడం లేదు. 1996లో దక్షిణాఫ్రికాలో జరిగిన నేషన్స్ కప్‌ నుంచి, నైజీరియా రచయిత, ఉద్యమకారుడు కెన్ సారో-వివా ఉరితీతపై మండేలా చేసిన విమర్శల దరిమిలా, నైజీరియా సైనిక ప్రభుత్వం తన జట్టును ఉపసంహరించుకుంది. రాజకీయం ఆటను మింగిన సందర్భాలు ఇలా ఉన్నాయి.

2022 నాటి గర్వానికి మరొక కారణాన్ని ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. ఆ ప్రపంచకప్‌లో ఆడిన అయిదు ఆఫ్రికా జట్లకూ స్వదేశీ మూలాలున్న కోచ్‌లే ఉన్నారు: మొరాకోకు వాలిద్ రెగ్రాగి, సెనెగల్‌కు అలియు సిస్సే, కామెరూన్‌కు రిగోబెర్ సాంగ్, ఘనాకు ఓటో అడో, ట్యునీషియాకు జలేల్ కద్రి. అంతకుముందు క్వార్టర్‌ఫైనల్ చేరిన మూడు జట్లకు, అంటే 1990 నాటి కామెరూన్, 2002 నాటి సెనెగల్, 2010 నాటి ఘనాలకు, ఐరోపా కోచ్‌లే ఉండేవారు. ఆఫ్రికా ఆటగాళ్లలో బలం ఉంటుంది గానీ వ్యూహం బయటినుంచి రావాలన్న పాత అభిప్రాయం ఒకటి ఉండేది. సెమీఫైనల్ వరకు ఒక్క ప్రత్యర్థి ఆటగాడినీ గోల్ కొట్టనివ్వని రెగ్రాగి జట్టు, కెనడాతో మ్యాచ్‌లో తమ ఆటగాడి వల్లే పడిన ఒక్క సెల్ఫ్ గోల్ తప్ప మచ్చలేని రక్షణతో, ఆ అభిప్రాయానికి మైదానంలోనే జవాబిచ్చింది. అదే ప్రపంచకప్‌లో కామెరూన్ బ్రెజిల్‌ను, ట్యునీషియా ఫ్రాన్స్‌ను 1-0 తేడాతో ఓడించాయి.

నాల్గవ సమాధానం

మొదటి సమాధానానికి కొనసాగింపుగా ఒక విషయం చెప్పాలి. 2026 ప్రపంచకప్‌ను 48 జట్లకు పెంచడంతో ఆఫ్రికాకు నేరుగా 9 స్థానాలు వచ్చాయి, కేప్ వెర్డే వంటి చిన్న ద్వీపదేశం కూడా తొలిసారి అర్హత సాధించింది. ఇది సంతోషించవలసిన విషయమే. కానీ ఫిఫాలో ఉన్న 211 సభ్య సంఘాల్లో ఆఫ్రికా సమాఖ్యకు చెందినవి 54, ఐరోపావి 55. ఐరోపా స్థానాలు మాత్రం 16. కాబట్టి ఖండమంతా ఒక్కగొంతుతో అడగవలసిన అవసరం ఇప్పట్లో తీరేది కాదు.

నన్ను ఆలోచింపజేస్తున్నది వేరొకటి. 2022 వరకు ప్రపంచకప్ చరిత్రలో రెండు ఆఫ్రికా జట్లు ఎదురెదురుగా ఆడిన మ్యాచ్ ఒక్కటి కూడా లేదు. గ్రూపుల డ్రాలో వాటిని విడివిడిగా ఉంచుతారు, ఆ తరువాతి దశకు చేరినవి తక్కువ కాబట్టి నాకౌట్‌లోనూ తారసపడలేదు. ప్రశ్న అడిగినవారు చెప్పిన చీలికలన్నీ నేషన్స్ కప్‌లోనూ అర్హత పోటీల్లోనూ బయటపడి, ప్రపంచకప్‌లో కనిపించకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నేను అనుకుంటున్నాను. తొమ్మిది పది జట్లు వెళ్లేచోట ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు. ఏదో ఒక ప్రపంచకప్ నాకౌట్‌లో ఘనా, ఐవరీ కోస్ట్ తలపడితే, ఆ రెండు దేశాల అభిమానులు ఆ రాత్రికి శత్రువులే అవుతారు. మర్నాటి నుంచి ఓడిన దేశం గెలిచిన జట్టు వెంట నడుస్తుందా అన్నదే అసలు పరీక్ష. నడుస్తుందనే నా విశ్వాసం, ఎందుకంటే తమ జట్లు ఇంటికి చేరాక మొరాకోను తమదిగా చేసుకున్న అభిమానులు ఆ పని ఒకసారి చేసి చూపించారు.