ఫాంటసీ బాస్కెట్‌బాల్: ట్రేడ్‌ల మీద వీటో ఓటు ఉంచాలా, తీసేయాలా?

కూకట్‌పల్లి_గార్డ్: మనది 12 జట్ల ఎన్‌బీఏ ఫాంటసీ లీగ్ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లోని నిజం ఆటగాళ్లతో మనం కట్టుకున్న ఊహా జట్లు), వారం వారం 9 కేటగిరీల గణాంకాల్లో పోటీ. స్టార్ యానిస్‌ను ఇచ్చి బుకర్, మైల్స్ టర్నర్ అనే ఇద్దరు ఆటగాళ్లని తీసుకునే ట్రేడ్ ఒకటి పెండింగ్‌లో ఉంది. మిగతా జట్లవాళ్లవి నాలుగు వీటోలు (వద్దనే ఓట్లు) పడితే రద్దు, ఇప్పటికే మూడు పడ్డాయి. దోపిడీ అంటున్నవాళ్లు లెక్క చూపించండి.

ఉప్పల్_రీబౌండ్: చూపిస్తా అన్నా. రోస్టర్‌లో 13 చోట్లే. ఇద్దరు వస్తే బెంచ్‌లో ఒకణ్ణి వదిలేయాలి. యానిస్‌ని తీసుకున్నోడికేమో ఒక చోటు ఖాళీ, వేవర్స్‌లో (ఏ జట్టులోనూ లేనివాళ్ల జాబితాలో) ఫామ్‌లో ఉన్నోణ్ణి ఎత్తుకుంటడు. అంటే ఇది ఇద్దరికి ఒకడు కాదు, ఇద్దరికి ఇద్దరు. అందులో ఒకడు యానిస్.

కూకట్‌పల్లి_గార్డ్: చోటు సంగతి నిజమే. మరి ఫ్రీత్రోల (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్ల) శాతం కేటగిరీ? వారంలో మిగతా జట్టు 100కి 82 వేసిందనుకోండి. యానిస్ లాంటివాడు నాలుగు మ్యాచుల్లో 40 ప్రయత్నించి 25 వేస్తే మొత్తం 140కి 107, అంటే 76.4 శాతం. ఆ కేటగిరీ గోవిందా. తక్కువ శాతం ఒక్కటే అయితే తట్టుకోవచ్చు, అన్నేసి ప్రయత్నాలు కలిసేసరికి మునుగుతాం. ఫ్రీత్రోలు ముందే వదిలేసుకున్న జట్టుకి ఆయన బంగారం. వాటి మీదే గెలిచే జట్టుకి బుకరే మేలు, టర్నర్ బ్లాకులు (ప్రత్యర్థి షాట్లని అడ్డుకోవడం), త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) కొసరు.

మెహదీపట్నం_పోస్ట్: అసలు ఓటేసేదే ప్రత్యర్థులు. మూడో స్థానంలో ఉన్నోడు న్యాయం చూస్తాడా, తన ప్లేఆఫ్స్ (చివరి నాకౌట్ దశ) చూసుకుంటాడా? అసలు ఎన్‌బీఏలో జట్లకు అలాంటి ఓటే లేదు. జీతాల లెక్క కుదిరిందా, డ్రాఫ్ట్ పిక్‌ల (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతుల) నిబంధన దాటారా అనే లీగ్ చూసేది. 2013లో బోస్టన్ స్టార్లు గార్నెట్, పియర్స్ కోసం బ్రూక్లిన్ మూడు మొదటి రౌండ్ పిక్‌లు, పైగా 2017లో పిక్ మార్చుకునే హక్కు బోస్టన్‌కి ఇచ్చేసింది. ఎవరూ ఆపలేదు. బోస్టన్‌కి జేలెన్ బ్రౌన్, టేటమ్ అనే స్టార్లు దొరికింది ఆ పిక్‌ల పుణ్యమే.

ఉప్పల్_రీబౌండ్: 2011లో హార్నెట్స్ జట్టు ఆటగాడు క్రిస్ పాల్ లేకర్స్‌కి పోకుండా అప్పటి ఎన్‌బీఏ కమిషనర్ స్టెర్న్ ఆపలేదా?

మెహదీపట్నం_పోస్ట్: ఆపాడు. అప్పుడు హార్నెట్స్‌కి ఓనర్ లీగే కదా! ఓనర్ వద్దంటే ఏ ట్రేడైనా ఆగుతుంది.

ఉప్పల్_రీబౌండ్: సరే, అట్టడుగున ఉన్నోడు మార్చిలో ఆశ వదిలేసి దోస్తుకి తన స్టార్‌ని ధారపోస్తే? ఓటు తీసేస్తే ఆపేదెవరు?

కూకట్‌పల్లి_గార్డ్: గడువు పెడదాం. ప్లేఆఫ్స్‌కి మూడు వారాల ముందే ట్రేడ్‌లు బంద్. కుమ్మక్కు అనుమానం వస్తే ఇద్దరూ కారణం రాసివ్వాలి, లీగ్‌లో లేని మనిషి తేల్చాలి. ఇంకోటి, ట్రేడ్ కుదిరాక ఓట్ల కోసం ఆగే 48 గంటల పరిశీలన వద్దు. అక్కడ అమెరికాలో సోమవారం రాత్రి వారం మొదలైతే మనకి మంగళవారం తెల్లవారుజాము. ఆదివారం రాత్రి కుదిరిన ట్రేడ్ ఆలోపు తేలదు. ఈ మధ్యలో ఒకడి మడమ మెలిపడితే బేరమే మారిపోతుంది. 24 గంటలు చాలు.

ఉప్పల్_రీబౌండ్: 24కి ఓకే. ఆ బయటి మనిషి యానిస్‌ని తీసుకుంటున్నోడి బామ్మర్ది కాకుంటే చాలు. నా వీటో మాత్రం వెనక్కి తీసుకోను.